ఎదుటివారి జీవితానుభవం మన కష్టానికి అక్కరకు రావాలంటే ఏం చేయాలి?

స్ఫూర్తినిచ్చే జీవితగాథ చదివినప్పుడు రెండు రోజులు ఉత్సాహంగా ఉంటుందనీ, మూడో రోజుకు మళ్లీ పాత దిగులే మిగులుతుందనీ, ఆ ఉత్సాహం నిలవాలంటే ఏం చేయాలనీ పాఠకులు తరచూ అడుగుతూ ఉంటారు. పరీక్ష తప్పినవారు, ఉద్యోగం పోయినవారు, వ్యాపారంలో చేతులు కాల్చుకున్నవారు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారు అందరూ అడిగేది ఇదే. మనం జీవితగాథల నుంచి సాధారణంగా నీతిని ఏరుకుంటాం. పట్టుదల ఉండాలి, ధైర్యం ఉండాలి అనేవి మనకు ముందే తెలిసిన మాటలు కాబట్టి అవి మనల్ని కదిలించలేవు. కష్టం మీద పడిన రోజున ఆ మనిషి చేసిన ఫలానా పని ఏమిటో పట్టుకోగలిగితే, దాన్ని మన ఇంట్లో, మన పరిస్థితుల్లో చేసి చూడవచ్చు.

ఇది ఉత్త మాట కాదనడానికి మన దగ్గరే గట్టి ఉదాహరణ ఉంది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు తమ వాచకంలో సారా వల్ల చితికిపోయిన కుటుంబం కథ చదివి, దాని మీద మాట్లాడుకున్నారు. దూబగుంట స్త్రీలు అక్కడితో ఆగకుండా తమ ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. వారు చేసిన పనినే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా మరో వాచకంలో అచ్చువేస్తే, అది చదివిన ఇతర గ్రామాల స్త్రీలు తమ ఊళ్లలోనూ అదే పని చేశారు. సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ పాఠం అంతగా పనిచేయడానికి కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. అందులోని స్త్రీలు చదివేవారిలాంటివారే. వారు చేసిన పని ఎవరికైనా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది. చదివినవారు ఒంటరిగా కాక పదిమందితో కలిసి చదివారు. కింద చెప్పబోయే పద్ధతి చాలావరకు ఈ మూడింటి మీదే ఆధారపడింది.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, కలం, వారానికి రెండు మూడు గంటల తీరిక. ప్రసిద్ధుల జీవితాలలో ఒకటి, మీకు తెలిసిన మనుషులలో ఒకరు. మాటలు రికార్డు చేసుకోవాలనుకుంటే సెల్‌ఫోను చాలు. కానీ అవతలివారి అనుమతి ముందుగా తీసుకోవాలి. పుస్తకాలు కొనలేనివారు జిల్లా గ్రంథాలయ సంస్థ నడిపే శాఖా గ్రంథాలయానికి వెళితే ఆత్మకథలు, జీవితచరిత్రలు దొరుకుతాయి. చదవడం రానివారికి ఇంట్లో పిల్లలు చదివి వినిపించవచ్చు. అలా వినడం ఒక విధంగా మేలు కూడా, ఎందుకంటే విన్నదాని గురించి అక్కడికక్కడే మాట్లాడుకోవచ్చు.

1. మీ కష్టాన్ని ఒక్క వాక్యంలో రాయండి

“నా జీవితం బాగాలేదు” అని రాస్తే దానికి ఎవరి అనుభవమూ సరిపోదు. “ఉద్యోగం పోయి రెండు నెలలైంది, ఇంటి రుణం వాయిదాలు కట్టలేకపోతున్నాను, ఈ సంగతి మా నాన్నగారికి ఇంకా చెప్పలేదు” అని రాస్తే, అందులో మూడు విడి చిక్కులు కనిపిస్తాయి. వాటిలో మిమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వని దాని కింద గీత గీసి పెట్టుకోండి. మీరు వెదకవలసింది ఆ చిక్కును ఎదుర్కొన్న మనుషుల కోసం.

మీరు రాసిన వాక్యాన్ని ఒక రోజు ఆగి మళ్లీ చదవండి. అందులో ఇతరుల మీద నింద మాత్రమే ఉంటే, మీ చేతిలో ఉన్నదేమిటో తెలిసేలా తిరిగి రాయండి. నింద న్యాయమైనదే కావచ్చు, కానీ దానితో ఈ పని ముందుకు సాగదు.

2. మనుషులను ఎంచుకోండి

ప్రసిద్ధులలో ఒకరిని, దగ్గరివారిలో ఒకరిని ఎంచుకోవడం మంచిది. ప్రసిద్ధుల జీవితంలో కాలక్రమం, తేదీలు, ఇతరుల సాక్ష్యాలు దొరుకుతాయి కాబట్టి కథ మొత్తాన్ని ఒకేసారి చూడగలం. దగ్గరివారి జీవితంలో మన డబ్బు లెక్కలు, మన బంధువుల తీరు, మన ఊరి మాట ఉంటాయి. ఒకటి లేకుండా రెండోది సగమే.

దగ్గరివారిని ఎంచుకునేటప్పుడు చాలామంది కుటుంబంలో అందరికంటే పైకి వచ్చినవారి దగ్గరికి వెళతారు. అమెరికాలో స్థిరపడిన అన్నయ్యకు మీకున్న చిక్కు ఎప్పుడూ ఎదురై ఉండకపోవచ్చు. పంట పోయిన ఏడు కుటుంబాన్ని నెట్టుకొచ్చిన బాబాయి, భర్త పోయాక టిఫిన్ బండి పెట్టి ఇద్దరు పిల్లలను చదివించిన పక్కింటి పిన్నిగారు, గల్ఫ్ నుంచి ఉత్త చేతులతో తిరిగివచ్చి మళ్లీ నిలదొక్కుకున్న మేనమామ ఈ పనికి ఎక్కువగా పనికివస్తారు. పూర్తిగా గెలవనివారిని కూడా వదలకండి. ఎక్కడ ఆగిపోయారో, ఏ సాయం అందక ఆగిపోయారో వారే బాగా చెప్పగలరు.

3. ప్రసిద్ధుల జీవితాన్ని నాలుగు గడులలో రాసుకోండి

పుస్తకం చదువుతూ, కథ మలుపు తిరిగిన ప్రతిచోట ఆగి నాలుగు విషయాలు రాసుకోవాలి. అప్పటి పరిస్థితి ఏమిటి, ముందున్న దారులు ఏవి, ఆ మనిషి చేసిన పని ఏది, ఎవరి అండ లేదా ఏ వనరు ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితంలో ఒక భాగాన్ని ఇలా పరిశీలిద్దాం.

ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లయింది, ఊహ తెలిశాక ఆ బంధంలోకి వెళ్లడానికి నిరాకరించారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని 1930లో జైలుకు వెళ్లారు, మదురై జైలులో ఏకాంత నిర్బంధం అనుభవించారు, ఆరోగ్యం దెబ్బతింది. మనం ఆగవలసింది ఆమె విడుదలైన చోట. చేతిలో డిగ్రీ లేదు, ఒంట్లో ఓపిక లేదు. తిరిగి ఉద్యమంలోకి వెళ్లడం ఒక దారి, ఇంటి పట్టున ఉండిపోవడం మరో దారి. ఆమె చదువును ఎంచుకున్నారు. జైలులో చూసిన నిరక్షరాస్య స్త్రీలు తమ తరఫున వాదించుకోలేని స్థితిలో ఉండటం ఆమెను న్యాయశాస్త్రం వైపు మళ్లించింది. అయితే లా కాలేజీలో చేరాలంటే అంతకుముందు చాలా పరీక్షలు దాటాలి కాబట్టి, ముందు బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్, తరువాత ఇంటర్మీడియట్, ఆ తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆనర్సు, చివరికి మద్రాసులో న్యాయశాస్త్రం. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కి 1942లో న్యాయవాది అయ్యారు.

వాల్తేరులోని ఆ విశ్వకళాపరిషత్తులో ఆడపిల్లలకు హాస్టలు లేదని ప్రవేశానికి ఆటంకం వచ్చినప్పుడు ఆమె చేసిన పని నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగే చదువుకోవాలనుకునే ఆడపిల్లలను కూడగట్టి, వారందరితో హాస్టలు ఏర్పాటు చేసుకున్నారు. ఇప్పుడు మూడో గడిలో “ధైర్యంగా పోరాడారు” అని రాస్తే మీకు మిగిలేది ఏమీ లేదు. “అదే ఆటంకం ఎదురైన ఇతరులను వెదికి, కలిసి ఏర్పాటు చేసుకున్నారు” అని రాయండి. అది మీరు రేపు చేయగలిగిన పని. మెట్రిక్ పరీక్షకు తాను పడిన పాట్లు మరిచిపోకుండా, ఇతర ఆడపిల్లలను అదే పరీక్షకు తయారు చేసే తరగతులు నడపడం, 1937లో ఆంధ్ర మహిళా సభ ఆవిర్భావం కూడా ఈ కోవలోనివే.

నాలుగో గడిని ఖాళీగా వదిలేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. టంగుటూరి ప్రకాశం గారిని కటిక పేదరికం నుంచి ఒంటరిగా ఎదిగిన మనిషిగా చెప్పుకుంటాం. ఆయన పదకొండేళ్లకే తండ్రిని పోగొట్టుకున్న మాట నిజం. అయితే తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పోషించారు, పరీక్ష రుసుము కోసం తన పట్టుబట్ట తాకట్టు పెట్టారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీసి రాజమండ్రికి తీసుకువెళ్లి చదివించారు. వీరిని తీసేసి ఆ కథను చదివితే, మనకు ఒంటరిగా చేతకానందుకు మనల్నే తిట్టుకుంటాం. నాలుగో గడి నింపితే, మనం వెదకవలసింది తెగువనా లేక ఒక నాయుడు మాస్టారినా అనేది తెలుస్తుంది.

4. దగ్గరివారితో కూర్చుని మాట్లాడండి

పెళ్లిలోనో, పండుగ నాడు పదిమంది మధ్యలోనో అడగవద్దు. సాయంత్రం పని తెమిలాక, వీలైతే వారి చేతిలో ఏదో చిన్న పని ఉండగా కూర్చోండి. చిక్కుడుకాయలు ఒలుస్తూనో, బట్టలు మడతపెడుతూనో ఉన్న మనిషి సూటిగా కళ్లలోకి చూసే అవసరం లేకుండా మాట్లాడగలుగుతారు. దూరాన ఉన్నవారైతే వీడియో కాల్ కంటే మామూలు ఫోను మేలు.

మీ అవసరాన్ని ముందే చెప్పండి. “మీ కథ వినాలని ఉంది” అంటే పెద్దవాళ్లు ఉపన్యాసానికి సిద్ధపడతారు. “నాకు ఈ ఇబ్బంది వచ్చింది, మీకు అప్పట్లో ఇలాంటిదే వచ్చింది కదా, అప్పుడు ఏం చేశారో తెలుసుకోవాలని వచ్చాను” అంటే సాయం చేయడానికి సిద్ధపడతారు. తరువాత భావాల గురించి కాక, పనుల గురించి అడగండి. మొదటి జవాబు సాధారణంగా దైవం మీదికో, తలరాత మీదికో పోతుంది. దాన్ని ఖండించకుండా, మెల్లగా ఆ రోజు దగ్గరికి తీసుకురావాలి. గుంటూరు వైపు మిర్చి వేసిన ఒక కౌలు రైతుతో ఆయన అన్న కూతురు మాట్లాడుతోందనుకోండి, అది ఇలా సాగవచ్చు.

“బాబాయ్, ఆ ఏడు మిర్చి ధర పడిపోయింది కదా, ఎలా తట్టుకున్నావు?”

“ఏముందమ్మా, ఆ దేవుడే గట్టెక్కించాడు.”

“అది సరే బాబాయ్. యార్డు నుంచి ఇంటికొచ్చిన రోజు ఏం చేశావు? పిన్నితో చెప్పావా?”

“లేదు తల్లీ. మూడు రోజులు చెప్పలేదు. అన్నం కూడా సయించలేదు. నాలుగో రోజు పొద్దున్నే పురుగుమందుల కొట్టాయన దగ్గరికి నేనే పోయాను.”

“ఆయన కబురు పెట్టాడా?”

“పెట్టకముందే పోయాను. కబురొచ్చాక పోతే మాట తీరే వేరుగా ఉంటుంది. ఇదిగో వచ్చింది ఇంత, ఇప్పుడు ఇంత ఇస్తాను, మిగతాది పత్తి మీద కడతానని చెప్పాను. ఆయనా ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి అప్పుడు మీ పిన్నితో చెప్పాను.”

ఇందులో ఆ అమ్మాయి రాసుకోవలసిన వాక్యం ఒకటే: అప్పు ఇచ్చినవాడు అడగకముందే తానే వెళ్లి, చేతిలో ఉన్నదీ ఇవ్వగలిగినదీ లెక్కగా చెప్పడం. “దేవుడే గట్టెక్కించాడు” అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ సంగతి బయటికి వచ్చేది కాదు.

అడగదగిన ప్రశ్నలు మరికొన్ని: ముందుగా ఎవరికి చెప్పారు? ఆ నెల ఇల్లు ఏ డబ్బుతో గడిచింది, చేబదులా, చీటీపాటా, బంగారం తాకట్టా? ఏ సలహా విని నష్టపోయారు? ఇప్పుడైతే ఏది చేయరు? ఈ చివరి రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులు చాలాసార్లు మిగతా వాటన్నిటికంటే విలువైనవి.

హెచ్చరిక: బిడ్డను పోగొట్టుకోవడం, ఇంట్లో హింస, ఆత్మహత్య వంటి గాయాల గురించి మీ అవసరం కోసం తవ్వవద్దు. వారంతట వారు చెబితే వినండి, గొంతు మారితే మాట మార్చండి, లేచి వచ్చేముందు వారు స్థిమితపడ్డారో లేదో చూడండి. విన్నది వారి అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టడం ద్రోహం కిందే లెక్క.

5. ఏది మనకు సరిపోతుందో, ఏది సరిపోదో వేరుచేయండి

కాలం, డబ్బు, కులం, ఆడా మగా తేడా, ఆరోగ్యం, ఇంట్లో అండ వీటి వల్ల ఒకరికి సాధ్యమైన పని మరొకరికి సాధ్యం కాకపోవచ్చు. రాసుకున్న ప్రతి పని పక్కన “ఇది చేయడానికి వారికి ఉన్నది, నాకు లేనిది ఏమిటి?” అని ప్రశ్నించుకోండి. లేనిది సమకూర్చుకోగలిగితే సరే, లేకపోతే ఆ పనిని పక్కన పెట్టేయండి. నలభై ఏళ్ల కిందట మామయ్య ఎవరి సిఫారసూ లేకుండా కంపెనీ గేటు దగ్గర నిలబడి ఉద్యోగం సంపాదించాడని, నేడు మీరూ అలా నిలబడితే లాభం లేదు. కానీ ఆయన రోజూ ఒకే వేళకు బయలుదేరి వెళ్లాడన్నది నేటికీ పనికివస్తుంది.

గెలిచినవారి కథలే మన దాకా వస్తాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇల్లు తాకట్టు పెట్టి వ్యాపారంలో గెలిచినవారు సభల్లో మాట్లాడతారు; అదే పని చేసి ఇల్లు పోగొట్టుకున్నవారిని ఎవరూ వేదిక మీదికి పిలవరు. అందువల్ల వెనక్కి తీసుకోలేని పని ఏదైనా, అంటే ఉద్యోగం మానేయడం, ఆస్తి అమ్మడం, పెద్ద అప్పు చేయడం వంటివి, ఒక్క మనిషి అనుభవాన్ని చూసి చేయకూడదు. అదే పని చేసి నష్టపోయిన వారిని కూడా కలిసి మాట్లాడాకే నిర్ణయించుకోండి.

6. ఒక్క పనిని రెండు వారాలు చేసి చూడండి

మీ జాబితాలోంచి చిన్నది, వెనక్కి తీసుకోగలిగినది, తేదీ వేయగలిగినది అయిన ఒక్క పనిని తీసుకోండి. మొదటి మెట్టులో రాసిన మనిషి ఉద్యోగం పోయిన చిక్కుకు మిర్చి రైతు అనుభవాన్ని తెచ్చుకుంటే, ఆ పని ఇలా ఉంటుంది: “వచ్చే వాయిదా తేదీకి వారం ముందే బ్యాంకు శాఖకు వెళ్లి, నా పొదుపు ఎంత ఉందో, నెలకు ఎంత కట్టగలనో కాగితం మీద చూపించి, వాయిదాలను సవరించే వీలు ఉందేమో అడుగుతాను. అదే రోజు సాయంత్రం నాన్నగారికి చెబుతాను.” పరీక్ష తప్పిన విద్యార్థి దుర్గాబాయి అనుభవం నుంచి తెచ్చుకుంటే, అదే పేపరులో తప్పిన మరో ఇద్దరిని వెదికి రోజూ ఒక గంట కలిసి చదవడం అవుతుంది.

ఒకేసారి ఐదారు పనులు మొదలుపెట్టడం ఉత్సాహం వల్ల జరిగే పొరపాటు. నాలుగో రోజున ఒకటి జారితే అన్నీ జారిపోతాయి, ఏది పనిచేసిందో కూడా తెలియదు. వీలైతే మీ పనిని ఇంకొకరితో చెప్పి చేయండి. దూబగుంట స్త్రీలు ఎవరికి వారు ఇంట్లో కూర్చుని చదివి ఉంటే దుకాణం మూతపడేది కాదు.

7. ఫలితాన్ని సరిచూసుకోండి

“ఇప్పుడు ధైర్యంగా అనిపిస్తోందా?” అని అడిగితే మనసు రోజుకో మాట చెబుతుంది. దానికి బదులు నడవడిని చూడండి. చెడ్డ వార్త విన్నాక తిరిగి పనిలో పడటానికి మునుపు ఎన్ని రోజులు పట్టేది, ఈసారి ఎన్ని పట్టింది? సాయం అడగడానికి ఎంత ఆలస్యం చేశారు? తప్పించుకు తిరుగుతున్న ఫోన్లలో ఎన్నింటికి జవాబిచ్చారు? వేళకు తిన్నారా, పడుకున్నారా? మొదలుపెట్టే రోజున ఈ జవాబులు రాసి పెట్టుకుంటే, రెండు వారాల తరువాత పోల్చి చూడవచ్చు. ఇంట్లో ఒకరిని కూడా అడగండి. మనలోని మార్పును మనకంటే ముందు వారే గమనిస్తారు.

మార్పు లేకపోతే మూడు చోట్ల చూడండి. మొదటి వాక్యం మీ అసలు చిక్కును పట్టుకోలేదేమో. ఎంచుకున్న మనిషి పరిస్థితి మీ పరిస్థితికి మరీ దూరమేమో. పని పేరుకు చిన్నదే అయినా నిజానికి మూడు పనుల మూట అయి ఉందేమో. వీటిలో ఒకదాన్ని మార్చి మరో రెండు వారాలు చేయండి. అంతేగాని, అప్పుడే మరో పది జీవితగాథలు చదవడం మొదలుపెట్టవద్దు. చదువుతూ పోవడం కూడా పని వాయిదా వేయడానికి గౌరవప్రదమైన సాకు కాగలదు.

ఒక హద్దు మాత్రం స్పష్టంగా చెప్పాలి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి సరిగా లేకున్నా, ఏ పని మీదా మనసు నిలవకున్నా వైద్యులను కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. దగ్గరివారికి వెంటనే చెప్పి, కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. అటువంటి సమయంలో ఎదుటివారి కథలు వైద్యానికి బదులు కావు. “వాళ్లు తట్టుకున్నారు, నేను తట్టుకోలేకపోతున్నాను” అన్న పోలిక కీడు కూడా చేస్తుంది.

8. చెప్పినవారికి తిరిగి చెప్పండి

రెండు వారాల తరువాత ఆ బాబాయికో, పిన్నిగారికో ఫోను చేసి, వారు చెప్పినదానిలో మీరు ఏది చేశారో, ఏమైందో చెప్పండి. పని బెడిసికొడితే ఆ మాటే చెప్పండి. “అవునమ్మా, నేనూ మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన ఒప్పుకోలేదు, రెండోసారి మా బావను వెంట తీసుకెళ్లాను” అని, మొదటిసారి చెప్పని ముక్క అప్పుడు బయటికి రావచ్చు. దాన్ని నాలుగో గడిలో రాసుకుని, మళ్లీ బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఆ వ్యవహారం తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి.